దండు కదిలిన రోజున మామూలు సిపాయి ఏం చేసేవాడు? (లీ సైన్యం, 1862–65)

చరిత్రపిచ్చి
అమెరికా అంతర్యుద్ధం గురించి తెలుగులో ఏది దొరికినా లింకన్, లీ, గ్రాంట్, గెటిస్‌బర్గ్. అక్కడితో సరి. 1861 నుంచి 1865 దాకా సాగిన యుద్ధంలో మామూలు సిపాయికి కాల్పుల రోజులు తక్కువ. నడక, కాపలా, వంట, ఎదురుచూపు, ఇవే ఎక్కువ. ఆ ఎక్కువ రోజుల గురించే ఎవరూ రాయరు.

దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సైన్యంలో, అందులోనూ లీ నడిపిన ఉత్తర వర్జీనియా సైన్యంలో, ఏ హోదా లేని పదాతి సిపాయి దండు కదిలిన రోజున పొద్దుట్నుంచి రాత్రిదాకా ఏం చేసేవాడు? ఒంటి మీద ఎంత బరువు? ఏం తినేవాడు? ఇంటికి కబురు ఎలా చేరేది? వ్యూహాలు, పటాల మీద బాణం గుర్తులు వద్దు. కాళ్లూ కడుపూ సంగతి చెప్పండి.

పొడిబాట
కాళ్ల దగ్గరే మొదలుపెడదాం.

తెల్లారకముందే డప్పు మోగేది. హాజరు పిలుపు, రాత్రి మిగిలిన రొట్టె ముక్క ఏదైనా ఉంటే నోట్లో వేసుకోవడం, దుప్పటి చుట్టుకోవడం, రోడ్డెక్కడం. వరుసకు నలుగురు. ఊళ్లో అయితే అడుగులో అడుగు వేయాలి. ఊరు దాటాక ఆ నియమం పోతుంది. తుపాకీ ఏ భుజం మీద వేసుకున్నా, పక్కవాడితో మాట్లాడుకున్నా ఎవరూ అడగరు, వరుస చెదరకుండా ఉంటే చాలు.

లీ కింది సేనాని జాక్సన్ దళంలో పద్ధతి గట్టిగా ఉండేది. గంటలో 50 నిమిషాలు నడక, 10 నిమిషాలు ఆగడం, మధ్యాహ్నం ఒక గంట. ఆ 10 నిమిషాల్లో తుపాకుల్ని నాలుగేసి ఆనించి నిలబెట్టి, నేల మీద పూర్తిగా పడుకోమనేవాడు. కూర్చుంటే నడుమూ తొడలూ పనిచేస్తూనే ఉంటాయి, పడుకుంటేనే ఒళ్లంతటికీ విశ్రాంతి అని ఆయన నమ్మకం.

అసలు బాధ వరుస చివర ఉన్నవాడిది. ముందు ఒక వాగు అడ్డం వచ్చిందనుకోండి. మొదటి వరుస ఒక్క నిమిషం నెమ్మదిస్తుంది. వెనక వరుసలన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి ఆగిపోతాయి. ముందువాళ్లు దాటి మామూలు వేగం అందుకోగానే మధ్యలో ఖాళీ ఏర్పడుతుంది, దాన్ని పూడ్చడానికి చివరివాళ్లు పరుగెత్తాలి. ఇలా రోజుకి పదిసార్లు. పైగా ముందు నడిచిన వేల కాళ్ల దుమ్మంతా వీళ్ల ముక్కుల్లోకే. అందుకే ఏ బ్రిగేడ్ ముందు నడవాలన్నది రోజుకొకరికి వంతు వేసేవాళ్లు.

లెక్కలమాస్టారు
పొడిబాట గారి మాటకు అంకెలు కలుపుతాను. 1862 వసంతంలో షెనండోవా లోయలో జాక్సన్ దళం 48 రోజుల నడకలో 646 మైళ్లు తిరిగిందని లెక్క చెప్తారు. సగటున రోజుకి 13 మైళ్ల పైచిలుకు, అంటే సుమారు 22 కిలోమీటర్లు. చూడ్డానికి పెద్దగా అనిపించదు. కానీ సగటు మోసం చేస్తుంది. ఆగస్టు 25, 26 తేదీల్లో అదే దళం రెండు రోజుల్లో 50 మైళ్లు దాటి నడిచి, మనాసస్ జంక్షన్‌లో ఉన్న ఉత్తరాది సరుకుల గోదాముల మీద పడింది. అంటే వరసగా రెండు రోజులు, రోజుకి 40 కిలోమీటర్ల పైన, ఆగస్టు ఎండలో.

మిరపకాయ
వీపు మీద పెద్ద సంచి ఉంటుంది కదా బొమ్మల్లో? అంత బరువుతో 40 కిలోమీటర్లా?

రిచ్‌మండ్_రావు
@మిరపకాయ ఆ సంచి 1861లో ఉండేది. మొదటి నెలల్లోనే రోడ్డు పక్కన పారేశారు. బదులుగా దుప్పటి చుట్ట. చేసే పద్ధతి ఇది:

ముందు ఆయిల్‌క్లాత్ (నూనె పట్టించిన గుడ్డ) నేల మీద పరవాలి. దాని మీద ఉన్ని దుప్పటి. దుప్పటి మధ్యలో మారు చొక్కా, మేజోళ్లు, ఉంటే ఒక లోదుస్తు, పలచగా సర్దాలి, ఒకేచోట ముద్ద కాకూడదు. పొడవు వైపు నుంచి గట్టిగా చుట్టాలి. ఆయిల్‌క్లాత్ పైకి వస్తుంది కాబట్టి వాన లోపలికి దిగదు. రెండు కొసలూ దగ్గరకు తెచ్చి తాడుతో కట్టి, ఎడమ భుజం మీంచి కుడి తుంటి దగ్గరికి దండలా వేసుకోవాలి. కుడి భుజం ఖాళీగా ఉండాలి, తుపాకీ ఆనించేది అక్కడే.

వదులుగా చుడితే గంట నడిచేసరికి లోపలి బట్టలన్నీ తుంటి దగ్గరికి జారి చుట్ట మెడని కోస్తుంది. అదొక్కటి గుర్తుపెట్టుకోవాలి.

లెక్కలమాస్టారు
బరువు చూద్దాం. ఎన్‌ఫీల్డ్ తుపాకీ 4.3 కిలోల దగ్గర. నడుము పెట్టెలో 40 తూటాలు. ఒక్కో సీసం గుండే 30 గ్రాముల పైన ఉంటుంది, మందూ తోలు పెట్టె కలిపి 2 కిలోలు దాటుతుంది. నీళ్ల డబ్బా నిండా ఉంటే ఒక కిలో పైన. దుప్పటి 2 కిలోలు, ఆయిల్‌క్లాత్ మరో కిలో. మూడు రోజుల తిండి ఇస్తే ఇంకో 2 కిలోలు. బాయినెట్, గిన్నె, చిల్లర సామాను కలిపి మొత్తం 13 కిలోల చుట్టూ తిరుగుతుంది. వాన పడితే ఉన్ని నీళ్లు పీల్చి దుప్పటి ఒక్కటే రెట్టింపు అవుతుంది.

వైద్యపుపెట్టె
బరువు కన్నా పాదం ముఖ్యం. 1862 సెప్టెంబర్ 4 నుంచి 7 దాకా లీ సైన్యం పొటోమాక్ నది దాటి మేరీలాండ్‌లోకి వెళ్లింది. వైట్స్ ఫోర్డ్ అనే రేవు దగ్గర చాలామంది ప్యాంట్లు విప్పి మూట కట్టి తల మీద పెట్టుకుని దాటారు. తడి మేజోళ్లతో నడిస్తే చర్మం నాని గంటలో బొబ్బలొస్తాయి, దానికోసం అంత జాగ్రత్త.

వర్జీనియా మట్టి రోడ్ల మీద ఒట్టి కాళ్లతోనైనా నెట్టుకొచ్చినవాళ్లు మేరీలాండ్‌లో కుప్పకూలారు. అక్కడి రోడ్లు కంకర కొట్టి పరిచినవి. చెప్పులు లేనివాళ్లు చాలామంది అసలు నది ఇవతలే ఉండిపోయారు.

బొబ్బకి అప్పటి వైద్యం: ఉన్ని దారం ఎక్కించిన సూదిని బొబ్బలోంచి అటూ ఇటూ గుచ్చి, దారం ముక్క లోపలే వదిలేయడం. నీరు దారం వెంట కారిపోతుంది, పై చర్మం అతుక్కుని ఉంటుంది. చర్మం పీకేస్తే మర్నాడు నడవలేడు. నడక మొదలుపెట్టే ముందు మేజోళ్ల లోపల సబ్బు రాసుకోవడం కూడా మామూలే, రాపిడి తగ్గుతుంది.

సత్తెనపల్లి_సత్యం
బూట్లు ఎందుకు లేవు? తోలు లేదా? పశువులు బోలెడు కదా అక్కడ.

రిచ్‌మండ్_రావు
తోలు ఉంది, ఊనడానికి, అంటే పచ్చి చర్మాన్ని పదును చేయడానికి, టైం లేదు. సరిగ్గా ఊనాలంటే నెలలు పడుతుంది. తొందరపడి సగం ఊనిన తోలుతో కుట్టిన బూటు బురదలో అట్టలు విడిపోతుంది. 1862 చలికాలం ముందు లీ కింది మరో సేనాని లాంగ్‌స్ట్రీట్ దళంలో పచ్చి చర్మంతో, బొచ్చు లోపలికి పెట్టి చెప్పులు కుట్టించారు. తడిస్తే సాగి జారుతుంది, ఆరితే కొయ్యలా బిగుస్తుంది. చాలామంది రెండు రోజులకే విసిరికొట్టారు.

ఇంకో మార్గం చనిపోయిన ఉత్తరాది సిపాయి కాళ్లవి తీసుకోవడం. బూట్లే కాదు, రబ్బరు దుప్పట్లు, గుడారం గుడ్డలు, నీళ్ల డబ్బాలు, అన్నీ అలాగే వచ్చేవి. 1863కల్లా లీ సైన్యంలో మంచి దుప్పటి అంటే దాని మీద యు.ఎస్. అని ముద్ర ఉన్నదే.

కృష్ణాతీరం
బట్టల సంగతి ఒక్క ముక్క చెప్పాలి. లోకానికి పత్తి అమ్మిన ప్రాంతం అది. అక్కడి సిపాయి ఒంటి మీద చొక్కా చిరిగితే మారు చొక్కా లేదు. పత్తి పండించారు గానీ మిల్లులు కొద్దే. ఉన్ని మరీ కొద్ది. అందుకే పత్తి పడుగు, ఉన్ని పేక కలిపి నేసిన ముతక గుడ్డతో కోట్లు. బూడిద రంగు అనుకుంటాం గానీ చాలావాటికి అక్రోటు కాయ తొక్కతో, అన్నభేదితో రంగు వేశారు, ఎండకి అది మట్టి గోధుమ రంగుకి తిరిగేది.

ఓడరేవులు ఉత్తరాది నౌకల దిగ్బంధంలో పడి వాళ్ల పత్తి ఆగిపోయిన ఆ నాలుగేళ్లే మన మద్రాసు, బొంబాయి రాజధానుల పత్తికి లాంక్షైర్ మిల్లుల గిరాకీ వచ్చి ధర ఎగబాకింది. మన నల్లరేగడి రైతుకి ఆ యుద్ధంతో ఉన్న ముడి అదే.

చరిత్రపిచ్చి
@కృష్ణాతీరం మంచి ముడి వేశారు. ఇప్పుడు కడుపు. ప్రభుత్వం రోజుకి ఎంత ఇచ్చేది?

పొడిబాట
కాగితం మీద మొదట్లో బాగానే ఉండేది: ముప్పావు పౌను పంది మాంసం, లేదా పౌనుంపావు గొడ్డు మాంసం. దానితో 18 ఔన్సుల గోధుమ పిండి, లేదా పౌనుంపావు మొక్కజొన్న పిండి. 1862 నుంచి కోతలు మొదలయ్యాయి. 1863 మార్చి 27న లీ తన యుద్ధమంత్రి సెడన్‌కి రాసిన ఉత్తరంలో లెక్క ఉంది: మనిషికి రోజుకి 18 ఔన్సుల పిండి, పావు పౌను బేకన్, అంటే ఉప్పులో ఊరి పొగబెట్టిన పంది మాంసం. సుమారు మూడు రోజులకోసారి వందమందికి 10 పౌన్ల బియ్యం. అప్పుడప్పుడు కాసిని బఠాణీలు, ఎండు పళ్లు.

మన కొలతల్లో 510 గ్రాముల పిండి, 113 గ్రాముల మాంసం. బియ్యం మనిషికి 45 గ్రాములు, అదీ మూడు రోజులకోసారి, అంటే ఒక గుప్పెడు.

ఆ ఉత్తరంలోనే ఇంకో మాట ఉంది. పటాలానికి కొందర్ని రోజూ అడవిలోకి పంపి ససాఫ్రాస్ మొగ్గలు, అడవి ఉల్లి, వెల్లుల్లి, పోక్ అనే ఆకు, ఇంకా మనం చక్రవర్తి కూర అనే మొక్క, ఇవి కోయించమని. కూరగాయలు లేక చిగుళ్ల నుంచి రక్తం కారే స్కర్వీ రోగం తలెత్తుతోంది మరి.

మిరపకాయ
చక్రవర్తి కూర వర్జీనియా దాకా వెళ్లిందా! పప్పు ఒక్కటే తక్కువ అయ్యింది పాపం.

గోంగూర_రుచులు
వండుకోవడం ఎలా? ఒక్కొక్కడికి గిన్నెలు ఉండేవా?

రిచ్‌మండ్_రావు
ఆరుగురో ఎనిమిదిమందో కలిసి ఒక వంట జట్టు. జట్టుకి ఒక మూకుడు ఉంటే భాగ్యం. నడకలో దాన్ని వంతులవారీగా మోయాలి. సామాన్ల బండి వెనకబడితే అదీ లేదు. అప్పుడు చేసేవి చెప్తాను.

పెనం: రెండు సగాలు అతికి చేసిన తగరపు నీళ్ల డబ్బాని నిప్పుల్లో వేస్తే అతుకు కరిగి రెండు పళ్లేలుగా విడిపోతుంది. చీల్చిన కర్ర మధ్యలో అంచు బిగిస్తే పిడి. తేలికగా ఉండేది, అందుకే చాలామంది ఇనప మూకుడు కన్నా దీన్నే ఇష్టపడేవాళ్లు.

రొట్టె: ఆయిల్‌క్లాత్ లోపలి వైపు పిండి పోసి, నీళ్లు, ఉంటే ఉప్పు, బేకన్ నూనె కలిపి గట్టిగా పిసకాలి. తాడులా పేని తుపాకీలో గుండు కూరే ఇనప కడ్డీకి చుట్టి, నిప్పుల పైన తిప్పుతూ కాల్చాలి. మంటలో పెట్టకూడదు. పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, పైగా కడ్డీ ఉక్కు మెత్తబడి వంగిపోతుంది, తర్వాత గుండు దిగదు.

కష్: వాళ్లకి అన్నంలాంటిది ఇదే. బేకన్ ముక్కలు వేయించి నూనె దిగనివ్వాలి. గొడ్డు మాంసం ఉంటే చిన్న ముక్కలు కోసి ఆ నూనెలో వేయించి కాసిని నీళ్లు పోసి ఉడికించాలి. ఎండిపోయిన మొక్కజొన్న రొట్టెని చిదిమి అందులో వేసి నీళ్లు ఇగిరేదాకా కలపాలి. రాయిలా అయిన రొట్టె తినదగ్గదవుతుంది.

లెక్కలమాస్టారు
ఇక్కడ ఒక విషయం. మూడు రోజుల తిండి వండుకుని సంచిలో పెట్టుకోండని ఆజ్ఞ వస్తే, సగం మంది మొదటి రోజే మొత్తం తినేసేవాళ్లు. తెలివితక్కువతనం అంటారు గానీ దానికో లెక్క ఉంది. గుడ్డసంచిలో బేకన్ నూనె కారి రొట్టెకి పట్టి ఎండకి కంపు కొడుతుంది, వాన వస్తే పిండి ముద్దవుతుంది, పోరు మొదలైతే సంచే పోవచ్చు. భుజం మీద మోసేకన్నా పొట్టలో మోయడం మేలు అనుకున్నారు. మూడో రోజు ఆకలితో నడిచారు.

గోంగూర_రుచులు
కాఫీ? అమెరికా వాళ్లు కాఫీ లేకుండా ఎలా బతికారు?

కృష్ణాతీరం
దిగ్బంధంతో కాఫీ గింజ దొరకలేదు. రై (గోధుమలాంటి ధాన్యం) గింజలు కడిగి ఉడికించి ఆరబెట్టి నల్లగా వేయించి దంచేవాళ్లు. చిలగడదుంపని చిన్న ముక్కలు కోసి ఎండబెట్టి వేయించినా అదే పని. పల్లీలు, ఓక్ చెట్టు కాయలు, షికోరి, చివరికి బెండ గింజలు. రంగు వస్తుంది, చేదు వస్తుంది, కెఫీన్ రాదు. అలవాటుపడ్డవాడి తలనొప్పి పోదు.

అందుకే 1862–63 చలికాలం ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర రాపహానక్ నదికి అటూ ఇటూ ఉన్న కాపలావాళ్లు చెక్కతో చిన్న పడవలు చేసి గుడ్డ తెరచాప కట్టి వదిలేవాళ్లు. ఇటునుంచి పొగాకు, అటునుంచి కాఫీ, వార్తాపత్రికలు. అధికారులు నిషేధించారు. ఆగలేదు.

గోంగూర_రుచులు
బెండ గింజల కాఫీ! మా ఫిల్టర్ కాఫీ గ్రూపులో ఈ మాట పెడితే రెండు రోజులు గోల. :)

సత్తెనపల్లి_సత్యం
అంతా విన్నాను. కానీ అసలు విషయం దాటేస్తున్నారు. ఆ మేరీలాండ్ నడకలో వేలమంది వరుస వదిలి వెనకబడిపోయారు. సెప్టెంబర్ 17న శార్ప్స్‌బర్గ్ పోరు నాటికి లీ దగ్గర 40 వేలమంది కూడా మిగల్లేదు. ఇది పని ఎగ్గొట్టడం కాదా? లీయే దక్షిణాది అధ్యక్షుడు డేవిస్‌కి రాసిన ఉత్తరాల్లో ఈ వెనకబడేవాళ్ల గురించి గట్టిగా ఫిర్యాదు చేశాడు.

వైద్యపుపెట్టె
@సత్తెనపల్లి_సత్యం ఫిర్యాదు నిజం, కారణం మీరన్నది కాదు. సామాన్ల బళ్లు అందక ఆ రోజుల్లో వాళ్లు తిన్నది ఏమిటో చూడండి. పొలాల్లోని లేత మొక్కజొన్న కంకులు, పండని ఆపిల్ కాయలు. ఉప్పు లేదు, ఉడికించే తీరిక లేదు. ఆగస్టులో మనాసస్ పోరు, సెప్టెంబర్ 1న వానలో షాంటిలీ పోరు, వెంటనే నడక. అరగని గింజ ఖాళీ కడుపులో పడితే విరేచనాలు. విరేచనాలు పట్టినవాడు గంటకి రెండుసార్లు వరుస వదిలి చెట్టు చాటుకి వెళ్లాలి. వెళ్లొచ్చేసరికి పటాలం కిలోమీటరు ముందుంటుంది. అందుకోవాలంటే పరుగెత్తాలి. ఒంట్లో నీరు లేనివాడు ఎంత పరుగెత్తుతాడు? మూడోసారికి అక్కడే కూర్చుండిపోతాడు.

అంతర్యుద్ధంలో చనిపోయినవాళ్లలో సుమారు మూడింట రెండొంతులు రోగాలతోనే పోయారు. గుండు కన్నా విరేచనాలు, టైఫాయిడ్, తట్టు, న్యుమోనియా ఎక్కువమందిని తీసుకెళ్లాయి.

పొడిబాట
నేను మధ్యలో నిలబడతాను. ఎగ్గొట్టినవాళ్లూ ఉన్నారు, కూలిపోయినవాళ్లూ ఉన్నారు. నిజమైన రోగికి వైద్యుడు చీటీ ఇస్తే అంబులెన్సు బండి ఎక్కొచ్చు. చీటీ లేనివాణ్ణి వెనక వచ్చే కాపలా దళం బాయినెట్‌తో ముందుకు తోస్తుంది. కానీ వైద్యుడు వరుసలో ఎక్కడో ముందుంటాడు, రోగి వెనకుంటాడు. చీటీ ఎప్పుడు తెచ్చుకుంటాడు? చిక్కంతా అక్కడ.

ఒక విషయంలో సత్యం గారికి మద్దతు. శిక్షణ తేడా తెచ్చింది. అదే సెప్టెంబర్ 17న లీ సేనాని ఏ.పి. హిల్ దళం హార్పర్స్ ఫెర్రీ నుంచి 17 మైళ్లు నడిచొచ్చి సాయంత్రం నేరుగా పోరులోకి దిగింది. అంత వేగానికి మూల్యం కూడా ఉంది, దారి పొడుగునా మనుషులు రాలిపోయారు.

సత్తెనపల్లి_సత్యం
సరే, చీటీ మాట నేను ఆలోచించలేదు. అయితే తిండి ఎందుకు అందలేదు? దేశంలో లేకనా?

లెక్కలమాస్టారు
పొలాల్లో ఉంది, రోడ్డు మీద లేదు. రైలు కంపెనీలు చిన్నవి, పట్టాల వెడల్పు ఒకచోట 5 అడుగులు, ఇంకోచోట 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. వెడల్పు మారినచోట సరుకంతా దించి మళ్లీ ఎక్కించాలి. అరిగిన పట్టా మార్చడానికి కొత్త ఇనుము లేదు. ఉప్పు కొరత వేరే. ఉప్పు లేకపోతే మాంసం నిలవ ఉండదు. రైలు దిగాక బళ్లు లాగే పశువులకీ మేత కావాలి. గుర్రానికి రోజుకి 14 పౌన్ల గడ్డి, 12 పౌన్ల దాణా నియమం. అది దొరక్క పశువులు చచ్చాయి, పశువులు చచ్చి బళ్లు ఆగాయి.

తాతగారి_తుపాకీ
ఈ థ్రెడ్‌లో తుపాకీ సంరక్షణ ఎవరూ ఎత్తలేదు. నడకలో వాన పడితే గొట్టం మూతికి కొయ్య బిరడా, కొట్టే సుత్తి చుట్టూ జిడ్డు గుడ్డ. కాగితపు తూటా తడిస్తే పనికిరాదు, అందుకే తోలు పెట్టె మూత పైకి తెరుచుకునేలా ఉండేది. నల్ల తుపాకీమందు పేల్చాక గొట్టంలో మసి పేరుకుంటుంది. మరిగే నీళ్లు పోసి కడిగి, గుడ్డతో తుడిచి, వేడికి ఆరనిచ్చి నూనె రాయాలి. నూనె లేక బేకన్ కొవ్వు రాసినవాళ్లు తెల్లారి తుప్పు చూశారు. అందులో ఉప్పు ఉంటుంది.

మిరపకాయ
రాత్రి పడుకోవడం? గుడారాలు?

రిచ్‌మండ్_రావు
కదిలే సైన్యంలో సిపాయికి గుడారం లేదనే అనుకోండి. ఇద్దరు కలిసేవాళ్లు. ఒకడి ఆయిల్‌క్లాత్ కింద, రెండు దుప్పట్లు పైన, రెండో ఆయిల్‌క్లాత్ అన్నిటికీ పైన. చలి ఎక్కువైతే ముగ్గురు ఒకే వైపు తిరిగి పడుకునేవాళ్లు. ఒకడు పక్కకి తిరగాలంటే ముగ్గురూ తిరగాలి.

వైద్యపుపెట్టె
ఆ దగ్గరితనంతోనే పేలు. తలలోవి కాదు, బట్టల కుట్లలో ఉండేవి. చల్లనీళ్ల ఉతుకుడికి చావవు. చొక్కా మరిగించాలి, దానితోపాటు దుప్పటీ మరిగించాలి, లేకపోతే అదే రాత్రి తిరిగొస్తాయి. దుప్పటి పట్టేంత కుండ నడకలో ఎక్కడుంది? మంట మీద చొక్కాని గబగబా ఆడించి కుట్లలోవి చిటపటలాడించడమే మిగిలింది.

మందుల మాట. మలేరియా జ్వరానికి క్వినైన్ దిగ్బంధంలో చిక్కింది. బదులుగా డాగ్‌వుడ్, పాప్లర్, విల్లో బెరళ్లను సారాయిలో నానబెట్టి ఇచ్చారు. విల్లో వల్ల జ్వరం కొంచెం తగ్గొచ్చు, మలేరియా మాత్రం కుదరదు.

ఎర్రమట్టి
ఒక మాట కలపాలి. ఇందాకట్నుంచి సిపాయి, సిపాయి అంటున్నాం. ఆ దండులో సిపాయిలు కానివాళ్లు వేలమంది నడిచారు. బళ్లు తోలినవాళ్లు, వండినవాళ్లు, గుర్రాల్ని చూసినవాళ్లు, అధికారుల బట్టలు ఉతికినవాళ్లు, వీళ్లలో చాలామంది బానిసలు. 1862 ఏప్రిల్‌లో కంపెనీకి నలుగురు వంటవాళ్లని పెట్టుకోవచ్చని వాళ్ల కాంగ్రెస్ చట్టం చేసింది, బానిసలైనా సరే అని. సిపాయి మొయ్యని బరువు వాళ్లు మోశారు. ఇంటికి ఉత్తరం రాసే హక్కు, సెలవు అడిగే హక్కు వాళ్లకి లేవు.

1863 జూన్‌లో పెన్సిల్వేనియాలోకి వెళ్లినప్పుడు ఈ సైన్యం అక్కడి నల్లజాతి ప్రజల్ని, స్వేచ్ఛగా పుట్టినవాళ్లతో సహా, పట్టుకుని దక్షిణానికి బానిసత్వంలోకి తోలింది. ఆ నడక గురించి మాట్లాడేటప్పుడు అదీ ఆ నడకలో భాగమే.

సత్తెనపల్లి_సత్యం
కానీ మామూలు సిపాయిల్లో ఎక్కువమందికి బానిసలు లేరు కదా? పేద రైతులు.

ఎర్రమట్టి
1860 జనాభా లెక్కల ప్రకారం విడిపోయిన రాష్ట్రాల్లో మూడోవంతుకి కాస్త తక్కువ కుటుంబాలకి బానిసలున్నారు. మిగతావాళ్లకి లేరు, నిజమే. కానీ ఆ ప్రభుత్వం దేనికోసం పుట్టిందో దాని ఉపాధ్యక్షుడు స్టీఫెన్స్ 1861 మార్చి 21న సవానా ఊళ్లో నిండు సభలో చెప్పాడు: నల్లవాడు తెల్లవాడికి సమానం కాదన్నదే దాని మూలరాయి అని. పేద రైతు ఆకలి నిజం, కాళ్ల నెత్తురు నిజం, అతను దేనికోసం నడిచాడన్నదీ నిజం. మూడూ కలిపే చదవాలి.

ఆ పేద రైతుకే దెబ్బ కొట్టిన చట్టం 1862 అక్టోబర్‌లో వచ్చింది. 20 మంది బానిసలున్న తోటకి ఒక తెల్లవాడు సైన్యం నుంచి మినహాయింపు పొందొచ్చు. బానిసలు లేనివాడి పొలం ఎవరు దున్నాలి? ఇంట్లో భార్య.

చరిత్రపిచ్చి
ఎర్రమట్టి గారు, ఇది లేకపోతే చర్చ సగమే అయ్యేది. ఇక ఇల్లు. ఉత్తరాలు ఎలా?

తపాలాబిళ్ల
నా పేటకి వచ్చారు. 1861 జూన్ 1 నుంచి దక్షిణాది వాళ్ల సొంత తపాలా శాఖ పనిచేసింది, పోస్ట్‌మాస్టర్ జనరల్ రేగన్. మొదట అర ఔన్సు ఉత్తరానికి 500 మైళ్ల లోపు 5 సెంట్లు, దాటితే 10. 1862 జులై 1 నుంచి ఎంత దూరమైనా 10 సెంట్లు.

సిపాయికి ఒక వెసులుబాటు. బిళ్ల లేకపోయినా పంపొచ్చు. కవరు మీద పేరు, హోదా, కంపెనీ, పటాలం రాయాలి, అందుకున్నవాళ్లు డబ్బు కడతారు. జీతం నెలకి 11 డాలర్లు, అదీ నెలల తరబడి రాదు. కట్టేది చివరికి భార్యే.

ఇంటినుంచి రాసేవాళ్లకి దండు ఎక్కడుందో తెలియదు. అందుకని ఫలానా కెప్టెన్ ద్వారా, ఫలానా కంపెనీ, ఫలానా పటాలం, రిచ్‌మండ్ (దక్షిణాది రాజధాని) అని రాసేవాళ్లు. అక్కడ్నుంచి దండు వెంట పంపేవాళ్లు. వేగంగా నడిచే నెలల్లో ఉత్తరం వెనకే తిరిగి తిరిగి, మూడు నాలుగు ఒకేసారి చేతికొచ్చేవి. పాపకి జ్వరం అన్న ఉత్తరం, తగ్గిందన్న ఉత్తరం ఒకే కట్టలో. కొన్నిసార్లు రెండోది రాదు.

కాగితం కరువు కూడా అందులో కనిపిస్తుంది. వచ్చిన కవరుని విప్పి, లోపలి వైపు పైకి తిప్పి అతికించి మళ్లీ వాడారు. గోడకి అంటించే పూల కాగితంతో కవర్లు చేశారు. ఒక పేజీ నిండాక కాగితం అడ్డంగా తిప్పి రాసిన వరుసల మీదే మళ్లీ రాశారు. సిరా లేక పోక్ కాయల రసం.

గోంగూర_రుచులు
ఏం రాసుకునేవాళ్లు?

తపాలాబిళ్ల
చాలావాటిలో సగం వ్యవసాయమే. ఏ పొలంలో మొక్కజొన్న వెయ్యాలి, ఏ పందిని కొయ్యాలి, ఏ అప్పు ముందు తీర్చాలి, ఉప్పు దొరికిందా, గుర్రానికి నాడాలు కొట్టించావా. తర్వాత పిల్లల పేర్లు ఒక్కొక్కటీ రాసి ముద్దులు. చదువురానివాడికి పక్కవాడు రాసిపెట్టేవాడు.

మిసిసిపీ నదికి అవతలివాళ్ల పరిస్థితి మరీ ఘోరం. 1863 జులై 4న విక్స్‌బర్గ్, 9న పోర్ట్ హడ్సన్ పోయాక నది మొత్తం ఉత్తరాది చేతిలోకి వెళ్లింది. లీ దగ్గరున్న టెక్సస్, ఆర్కన్సా సిపాయిలకి ఇంటి ఉత్తరం నదిని దొంగచాటుగా దాటి రావాలి. ఆ ఏడాది చివరికి ప్రభుత్వమే 40 సెంట్లకి ప్రత్యేక బట్వాడా పెట్టింది.

పొడిబాట
ఈ ఉత్తరాలే సైన్యాన్ని లోపల్నుంచి కరిగించాయి. 1863 ఏప్రిల్ 2న రిచ్‌మండ్‌లోనే ఆడవాళ్లు రొట్టె కోసం దుకాణాలు పగలగొట్టారు. అదే నెలలో పంటలో పదోవంతు ప్రభుత్వానికి ఇవ్వాలని పన్ను. ఇంట్లో తిండి లేదు రమ్మని ఉత్తరం వస్తే సిపాయికి రెండే దారులు. సెలవు అడగాలి, రాదు. 1862 ఏప్రిల్ చట్టంతో ఏడాదికని చేరినవాళ్లని కూడా మూడేళ్లకి కట్టేశారు. రెండోది చీకట్లో లేచి ఇంటివైపు నడవడం. పట్టుబడితే తోటివాళ్ల ముందే కాల్చేవాళ్లు. అయినా 1864–65 చలికాలం పీటర్స్‌బర్గ్ కందకాల్లోంచి రాత్రిళ్లు జట్లు జట్లుగా వెళ్లిపోయారు.

చరిత్రపిచ్చి
చివరి నడక ఎలా ఉండింది? 1865 ఏప్రిల్?

లెక్కలమాస్టారు
ఏప్రిల్ 2 రాత్రి పీటర్స్‌బర్గ్ వదిలారు. అమీలియా కోర్ట్‌హౌస్‌లో రైలు మీద తిండి వస్తుందని లీ అనుకున్నాడు. 4న చేరితే తిండి లేదు. ఊళ్ల మీదికి బళ్లు పంపి ఒక రోజు పోగొట్టుకున్నాడు, బళ్లు ఇంచుమించు ఖాళీగా తిరిగొచ్చాయి. ఆ తర్వాత గుర్రాలకని ఉంచిన మొక్కజొన్న గింజల్ని వేయించి జేబులో వేసుకుని నములుతూ నడిచారు. 6న సెయిలర్స్ క్రీక్‌లో వేలమంది పట్టుబడ్డారు. 9న అపొమాటొక్స్‌లో లొంగుబాటు. ఉత్తరాది సేనాధిపతి గ్రాంట్ వెంటనే 25 వేలమందికి సరిపడా తిండి పంపించాడు.

మిరపకాయ
తర్వాత? రైలెక్కించి పంపారా?

తపాలాబిళ్ల
ఒక చీటీ ఇచ్చారు. అక్కడున్న క్లోవర్ హిల్ సత్రంలో అచ్చు యంత్రం పెట్టి సుమారు 30 వేల పెరోల్ చీటీలు, అంటే ఇక ఆయుధం పట్టబోమన్న మాట మీద వదిలేసే చీటీలు, అచ్చేశారు. పేరు, కంపెనీ, పటాలం, ఇంటికి వెళ్లి అక్కడే నెమ్మదిగా ఉండటానికి అనుమతి. ఆ చీటీ చూపిస్తే ఉత్తరాది కాపలావాళ్లు దారి వదలాలి, సైనిక రైళ్లలో, ప్రభుత్వ ఓడల్లో ఉచితం. సొంత గుర్రం ఉన్నవాడు తోలుకుపోవచ్చు, వసంతం దుక్కి కోసమని. కానీ దక్షిణాన చాలా పట్టాలు పీకేసి ఉన్నాయి, పదాతి సిపాయికి గుర్రం లేదు. జార్జియా, అలబామా వాళ్లు వందల మైళ్లు మళ్లీ కాళ్లతోనే. ఈసారి తుపాకీ, 40 తూటాలు లేవు, ఆరు కిలోలకి పైగా తగ్గింది.